లాడ్జి సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్‌వర్క్‌కు వదలవలసినదేది, సొంతంగా రాయవలసినదేది

తిరుపతిలో ఒక లాడ్జికి గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తామని ఒప్పుకున్నవారు ముందుగా ఒక పూట ఆ లాడ్జి కౌంటరు దగ్గర కూర్చోవాలి. రాత్రి రెండింటికి వచ్చిన కుటుంబానికి గది ఇస్తే, 24 గంటల లెక్క పాటించేచోట మరునాడు రాత్రి రెండింటి వరకు అది వారిదే. రెడీమేడ్ ప్లగిన్లు చాలావరకు తేదీలను బట్టి, రాత్రుల చొప్పున లెక్క కడతాయి కాబట్టి ఈ పద్ధతి వాటిలో ఇమడదు. సొంత కోడ్ రాయవలసింది ఇక్కడే.

లాగిన్, సెషన్లు, ఫారాల తనిఖీ వంటివి ఏ లాడ్జికైనా ఒకటే కనుక వాటిని ఇలాంటి భాగాలను సిద్ధంగా ఇచ్చే ఫ్రేమ్‌వర్కులైన జాంగోకో లారావెల్‌కో వదిలివేయాలి. తొలి రోజుల్లో నేను ఒక క్లయింటుకు లాగిన్ సొంతంగా రాసి, పాస్‌వర్డులను సులువుగా ఛేదించగల పాత పద్ధతి ఎండీ5తో భద్రపరిచాననుకుని మురిసిపోయాను. జాంగో అదే పనిని ఛేదించడం చాలా కష్టమైన పీబీకేడీఎఫ్2 పద్ధతితో, లారావెల్ అలాంటిదే అయిన బీక్రిప్ట్‌తో, మనం అడగకుండానే చేస్తాయి.

సొంత కోడ్‌లోనూ అసలు బరువును డేటాబేస్ మీదే మోపాలి. ఒకే గదిని ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో ఇవ్వబోతే, ముందు ఖాళీ చూసి తరువాత రాసే కోడ్ ఇద్దరికీ సరేనంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో గది నంబరును, బస చేసే కాలవ్యవధిని కలిపి ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ (ఒకే గదికి కాలం అతివ్యాపించే బుకింగ్‌లను చేర్చనివ్వని నిబంధన) పెడితే, రెండవ బుకింగ్‌ను డేటాబేసే తిప్పికొడుతుంది. వ్యవధిలో మొదటి క్షణాన్ని చేర్చి చివరి క్షణాన్ని వదిలివేస్తే, పదింటికి ఖాళీ అయిన గదిని పదింటికే మరొకరికి ఇవ్వవచ్చు. ఈ నియమాలన్నిటినీ వేరే మాడ్యూల్‌లో ఉంచి, పరీక్షలు రాసిపెట్టుకోవాలి.

పన్ను రేట్లను మాత్రం కోడ్‌లో రాయకూడదు. రోజుకు 7,500 రూపాయలు మించని గదులపై జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమైంది. రేటును అమలు తేదీతో సహా పట్టికలో ఉంచినవారికి అది ఒక్క వరుస చేర్చే పని.

కొటేషన్‌లో అప్‌గ్రేడ్ ఖర్చును విడిగా చూపాలి. జాంగోలో ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం మద్దతు ఉండే) వెర్షన్లకు భద్రతా సవరణలు సుమారు మూడేళ్లు, లారావెల్ వెర్షన్లకు రెండేళ్లు వస్తాయి. ఆ గడువు తేదీని ఒప్పందంలోనే రాస్తే, అప్పుడు అడిగే డబ్బుకు యజమాని ఆశ్చర్యపోడు.