కాలనీ వీధిలో బండ్ల వేగం తగ్గించాలంటే ముందుగా ఏం కొలవాలి, తరువాత ఏం మార్చాలి

హైదరాబాదు శివారు కాలనీల్లో వాహనాల జోరు పెరిగిందనగానే సంక్షేమ సంఘం సమావేశంలో మొదట వినిపించే కోరిక స్పీడ్ బ్రేకరు. బడి బస్సు దిగే పిల్లలను, పొద్దున్నే పాల ప్యాకెట్టుకు బయలుదేరే పెద్దవారిని తలచుకుంటే ఆ ఆందోళన పూర్తిగా న్యాయమైనదే. అయితే ఏ బండ్లు, ఎక్కడ, ఎంత వేగంతో వెళుతున్నాయో తెలియకుండా అడిగితే అధికారులకు మన మాట నమ్మించడం కష్టం, వేసిన బ్రేకరు సరైన చోట పడడం అంతకన్నా కష్టం.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. వీధిలో 50 మీటర్ల దూరాన్ని టేపుతో కొలిచి, రెండు చివరలా సుద్దతో గీత గీసి, ఫోనులోని స్టాప్‌వాచీతో ప్రతి బండి ఆ దూరం దాటడానికి పట్టిన సమయాన్ని రాసుకోండి. 6 సెకన్లు పడితే వేగం గంటకు 30 కిలోమీటర్లు, నాలుగున్నర సెకన్లయితే 40, 3 సెకన్లకే దాటితే 60. ఈ అంకెలకు నడిచేవారి వైపు నుంచి అర్థం చెప్పుకోవాలి. సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచే పెద్దావిడకు 7 మీటర్ల తారు రోడ్డు దాటడానికి 7 సెకన్లు కావాలి. ఆ 7 సెకన్లలో 40 వేగంతో వచ్చే కారు దాదాపు 78 మీటర్లు వచ్చేస్తుంది, 20 వేగంతో వచ్చేది 39 మీటర్లే వస్తుంది. మలుపు దగ్గర ఆగి ఉన్న కార్ల వల్ల ఆమెకు 40 మీటర్లకు మించి కనిపించకపోతే, ఆ వీధికి తగిన వేగం ఎంతో అక్కడే తేలిపోతుంది.

తరువాత వీధి రెండు చివరలా ఇద్దరు నిలబడి, రద్దీ వేళ అరగంట పాటు బండ్ల నంబర్లలో చివరి నాలుగు అంకెలు, సమయం రాసుకోవాలి. ఒక చివర కనిపించిన నంబరు రెండు మూడు నిమిషాల్లోనే రెండో చివర కనిపిస్తే అది మన వీధిని దగ్గరి దారిగా వాడుకుంటున్న బండి అని భావించవచ్చు. అలాంటివే ఎక్కువగా ఉంటే మూలకారణం బయట ప్రధాన రహదారిపై, దూరంగా పెట్టిన యూటర్న్‌లోనో, చాలాసేపు ఆపే సిగ్నల్‌లోనో ఉండవచ్చు కనుక ట్రాఫిక్ పోలీసులతో ఆ విషయమే మాట్లాడాలి. సొంత నిర్ణయంతో గేటు పెట్టి దారి మూసేయడం మాత్రం తగదు. ఆ రద్దీ పక్క కాలనీ పిల్లల మీదికి మళ్లుతుంది, అంబులెన్సుకు, అగ్నిమాపక వాహనానికి దారి పోతుంది. వన్‌వే చేయడం కూడా తేలికైన పరిష్కారంలా కనిపిస్తుంది గాని, ఎదురు బండి భయం పోయాక చాలామంది మరింత వేగంగా వెళతారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది మలుపుల సవరణ. మన చౌరస్తాల మూలలు చాలాచోట్ల అవసరానికి మించి విశాలంగా ఉంటాయి, అందువల్ల బండి వేగం తగ్గించకుండానే తిరిగిపోతుంది. చక్రాలు తొక్కని చోట ఇసుక, ఎండుటాకులు పేరుకుంటాయి. నాలుగు రోజులు గమనిస్తే, రోడ్డులో ఎంత భాగం వాహనాలకు అక్కరలేదో ఆ చెత్తే గీసి చూపిస్తుంది. ఆ భాగాన్ని అనుమతి తీసుకుని, ముగ్గుపిండి గీతతోనూ ట్రాఫిక్ కోన్లతోనూ రెండు వారాలు వేరుచేసి చూడండి. నీళ్ల ట్యాంకరు, బడి బస్సు, చెత్త బండి ఇబ్బంది లేకుండా తిరిగితేనే శాశ్వతంగా కట్టమని వార్డు కార్యాలయాన్ని అడగాలి. ఇలా చేస్తే నడిచేవారు దాటవలసిన దూరం తగ్గుతుంది, బండి ఆగకుండానే నెమ్మదిస్తుంది. మలుపుకు దగ్గరగా ఎవరూ కారు నిలపకూడదన్న నియమాన్ని ముందుగా కాలనీవాసులమే పాటించాలి.

ఇవన్నీ చేశాక కూడా బ్రేకరు అవసరమైతే కొలతలతో అడగండి. దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లోని గుండ్రటి హంపు (బ్రేకరు) బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేందుకు ఉద్దేశించినది. రాత్రికి రాత్రి సిమెంటుతో పోసే నిట్టనిలువు గట్టు అలాంటిది కాదు, అది ద్విచక్ర వాహనం వెనుక కూర్చున్నవారిని కింద పడేస్తుంది, గర్భిణులకు, నడుం నొప్పి ఉన్నవారికి బాధ కలిగిస్తుంది. హంపు రెండు అంచుల్లో వాన నీరు పారేందుకు ఖాళీ వదిలించండి, ముందుగా హెచ్చరిక బోర్డు, పైన తెల్ల చారలు తప్పక ఉండాలి.

ఇక ఫుట్‌పాత్ సంగతి. అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలన్నది ప్రమాణం. 40 అడుగుల వీధుల్లో ఇంటి ముందు ర్యాంపులను ప్రహరీ లోపలికి జరుపుకుంటే ఇది సాధ్యమే. 30 అడుగుల వీధుల్లో రెండు వైపులా ఫుట్‌పాత్‌లు, పార్కింగు, రెండు దిశల రాకపోకలు ఒకేసారి ఇమడవు. అక్కడ రోడ్డంతా నడిచేవారిదేనని అంగీకరించి, వేగాన్ని 15–20కి పరిమితం చేసే అమరిక చేయడమే సరైనది.

మార్పు చేసిన మూడు నెలలకు అదే చోట, అదే వేళలో, అవే 50 మీటర్లపై మళ్లీ కొలిచి, పాత అంకెల పక్కన కొత్తవి రాసి సంఘం నోటీసు బోర్డుపై పెట్టండి. చారల రంగు వానలకు వెలిసిపోతుంది కనుక ఏటా జూన్ రాకముందే మళ్లీ వేయించే బాధ్యతను ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.