మత్తు మానేశాక కొత్త రంగానికి రెజ్యూమే: రాసే ముందు జాగ్రత్తలు

ముందు ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ చూసే సంస్థ) సైట్‌లో మీ యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుడిగా మీకిచ్చిన నంబర్) లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ చూసుకోండి. పీఎఫ్ కట్టిన ప్రతి ఉద్యోగంలో చేరిన తేదీ, మానేసిన తేదీ అక్కడ కనిపిస్తాయి. గచ్చిబౌలి, హైటెక్ సిటీ కంపెనీల్లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ (పాత ఉద్యోగాల వివరాల తనిఖీ) మామూలే. రెజ్యూమేలో తేదీలు ఆ సర్వీస్ హిస్టరీకి సరిపోవాలి.

అసలు టెన్షన్ ఉద్యోగం లేని గ్యాప్ దగ్గరే. దాన్ని పూడ్చడానికి దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తామని అమీర్‌పేటలో ఎవరైనా అంటే ఆ జోలికే పోవద్దు. చేరాక దొరికినా ఉద్యోగం పోతుంది. "ఆరోగ్య కారణాలతో విరామం, ఇప్పుడు పూర్తిగా పనికి సిద్ధం" అని ఒక్క లైన్ చాలు. ఏ అలవాటు, ఏ సెంటర్ అన్నది రాయక్కర్లేదు. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. చికిత్స వివరాల గోప్యత 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు. అలాగని ఇంటర్వ్యూలో గుచ్చి అడిగితే అబద్ధం ఆడొద్దు. "అది నా వ్యక్తిగత ఆరోగ్య విషయమండీ" అంటే సరిపోతుంది.

– కోలుకునే కాలంలో కోర్సు చేశారా, బంధువుల షాపులో లెక్కలు చూశారా? రాయండి, అది కూడా పనే.

– నైట్ షిఫ్టులు, క్లయింట్లతో మందు పార్టీలు తప్పని సేల్స్ ఉద్యోగాలకు అప్లై చేసే ముందు కౌన్సెలర్‌తో మాట్లాడండి. జీతం చూసి తొందరపడొద్దు.

– రిఫరెన్స్‌గా పాత మేనేజర్ పేరు ఇస్తుంటే ముందే ఫోన్ చేసి, ఎంతవరకు చెప్పాలో మాట్లాడుకోండి.

– ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ పనిచేస్తున్నవేనా, చూసుకోండి.