షుగర్ 300 దాటింది: ఇంట్లో చూసుకోవచ్చా, ఆసుపత్రికి పరిగెత్తాలా?

సమస్య: మీటరు 300 పైన చూపిస్తోంది, మనిషి మామూలుగానే ఉన్నాడు

ముందు చేతులు కడుక్కోండి. నవ్వొద్దు. పదిహేడేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నాను, "అమ్మో 380 వచ్చింది" అంటూ అర్ధరాత్రి నాకొచ్చే ఫోన్లలో చాలావాటికి మందు సబ్బూ నీళ్లే. పండు ఒలిచిన వేలికి కాస్త రసం అంటుకుని ఉంటే చాలు, రక్తంలో లేని చక్కెరని కూడా మీటరు లెక్కేస్తుంది. చేతులు కడిగి, పొడిగా తుడుచుకుని, ఇంకో వేలితో కొత్త స్ట్రిప్ మీద చూడండి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేసినదో గడువు దాటినదో అయితే అది పక్కన పెట్టేయండి.

రెండోసారీ అంతే వచ్చిందా? దాహం, మాటిమాటికీ మూత్రం తప్ప ఇంకే ఇబ్బందీ లేకపోతే కారణం సాధారణంగా మరిచిపోయిన డోసో, జ్వరమో, ఈమధ్య మొదలెట్టిన స్టిరాయిడ్ మందో, ఎండకి పాడైన ఇన్సులినో అయి ఉంటుంది. మంచినీళ్లు బాగా తాగుతూ, డాక్టరు ముందే చెప్పి ఉంచిన లెక్క ప్రకారం కరెక్షన్ డోసు (పెరిగిన షుగర్ దించడానికి అదనంగా వేసే ఇన్సులిన్) వేసుకుని రెండు మూడు గంటలకోసారి చూసుకోండి. తగ్గట్లేదని గంటగంటకీ ఇన్సులిన్ పొడుచుకోవద్దు, అవన్నీ ఒకేసారి పనిచేయడం మొదలెడితే షుగర్ పాతాళానికి పడిపోతుంది. రెండు మూడుసార్లు చూసినా 300 దిగకపోతే అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయాలి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగడం కాదు.

సమస్య: వాంతులు, కడుపునొప్పి, ఏమీ తినలేకపోవడం

నన్ను ముంచింది ఇదే. ఒక రాత్రి వాంతులు మొదలయ్యాయి, తిన్నది పడలేదనుకున్నాను. తిండే లేనప్పుడు ఇన్సులిన్ వేస్తే షుగర్ పడిపోతుందని లాంగ్ యాక్టింగ్ (రోజంతా మెల్లగా పనిచేసే) ఇన్సులిన్ కూడా మానేశాను. తినని వాడికి షుగర్ ఎక్కణ్ణుంచి వస్తుందని మీటరు బయటికే తీయలేదు. మర్నాడు మధ్యాహ్నానికి, మంచం దిగనివాణ్ణి నాలుగంతస్తులు ఎక్కొచ్చినట్టు పెద్దపెద్దగా ఊపిరి తీస్తుంటే మా తమ్ముడు దగ్గరికొచ్చి "అన్నయ్యా, నీ నోట్లోంచి నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన వస్తోందేంటి" అన్నాడు. అప్పుడు చూస్తే 460. రెండు రోజులు ఐసీయూలో ఉన్నాను.

మనం తినకపోయినా లివర్ గ్లూకోజు వదులుతూనే ఉంటుంది, ఒంట్లో బాగోలేనప్పుడు ఇంకా ఎక్కువ వదులుతుంది. ఇన్సులిన్ చాలకపోతే ఒళ్లు ఆ గ్లూకోజుని వాడుకోలేక కొవ్వు కరిగించుకుంటుంది, అందులోంచి కీటోన్లు పుడతాయి (మా తమ్ముడికి వచ్చిన వాసన వాటిదే), అవి పేరుకునేకొద్దీ రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. వాంతులూ కడుపునొప్పీ ఆ ఆమ్లం వల్లే రావచ్చు. అంటే మనం కడుపు జబ్బనుకుని వాంతుల బిళ్ల మింగి పడుకునేది కీటోఅసిడోసిస్ (రక్తం ఇలా ఆమ్లంగా మారడం) మొదలైనందుకు కావచ్చు.

కాబట్టి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకి వాంతి అయిందంటే వెంటనే షుగర్, ఆ వెంటనే కీటోన్లు చూడాలి. వాంతి లేకపోయినా షుగర్ 240 దాటి ఒంట్లో నలతగా ఉంటే కీటోన్లు చూసుకోవడం మంచిది. రక్తంతో చూసే మీటర్లో 0.6 లోపు మామూలే, 1.5 దాటితే డాక్టరుతో మాట్లాడాలి, 3 వచ్చిందంటే ఎమర్జెన్సీ. మూత్రం స్ట్రిప్ మీద రెండు ప్లస్సులొచ్చినా ఆలస్యం చేయొద్దు. ఆ స్ట్రిప్ చెప్పేది కొన్ని గంటల కిందటి సంగతి కాబట్టి అందులో తక్కువొచ్చిందని ధీమా పడకండి. కీటోన్ స్ట్రిప్పులే లేకపోతే, షుగర్ ఎక్కువగా ఉండి వాంతులు ఆగట్లేదంటే స్ట్రిప్పుల కోసం షాపుల వెంట తిరక్కుండా ఆసుపత్రికే బయల్దేరండి. లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ తిన్నా తినకపోయినా మీ అంతట మీరు మానేయకూడదు, ఎంత వేయాలో డాక్టరుని అడగండి. వాకింగ్ చేసి దించేద్దామనే ఆలోచన కూడా వద్దు, కీటోన్లున్నప్పుడు అది ఇంకా చెడగొడుతుంది.

ఇందులోనే ఇంకో మెలిక. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ బిళ్లలు వాడేవాళ్లకి షుగర్ 200 లోపే ఉండి కూడా కీటోన్లు పెరగొచ్చు. వాళ్లు అంకె చూసి ఊరట పడకూడదు.

సమస్య: పెద్దవాళ్లు మగతగా ఉన్నారు, మాట తేడాగా ఉంది

టైప్ 2 ఉన్న పెద్దవాళ్లలో షుగర్ రోజుల తరబడి మెల్లగా పెరుగుతూ 600 కూడా దాటిపోతుంది, ఒంట్లో నీరంతా మూత్రంలో పోయి నోరు పిడచకట్టుకుపోతుంది, "ముసలితనం, నీరసం" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. అంకె బదులు మీటరు "హై" అని చూపించినా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా ఇంట్లో చేసే వైద్యమేమీ లేదు, అంబులెన్స్ పిలవడమే. మగతలో ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.



ఎమర్జెన్సీకి వెళ్లేటప్పుడు మీటరు, ఇన్సులిన్ పెన్నులు, మందుల చీటీ సంచిలో వేసుకుని, ఆఖరి డోసు ఎన్ని గంటలకి ఎంత వేశారో ఒక కాగితమ్మీద రాసి పట్టుకెళ్లండి. బండి మాత్రం మీరు నడపొద్దు.