దెబ్బ తగిలిన పిల్లికి ఇంట్లో సేవ – మూడో పాఠం: ముద్ద దిగేదాకా

మొదటి పాఠంలో దెబ్బ తగిలిన పిల్లిని కరిపించుకోకుండా ఎత్తుకోవడం, డాక్టరు దగ్గరికి చేర్చడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో ఇంట్లో దానికి బోను, పక్క, లిట్టర్ ట్రే (ఉచ్చకీ దొడ్డికీ ఇసుక పోసిన పళ్లెం) అమర్చాం. మనం ఉదాహరణగా తీసుకున్న పిల్లి గుర్తుంది కదా? నాలుగు కిలోల గండుపిల్లి, బండి గుద్ది వెనక కాలు విరిగింది. డాక్టరు కట్టు కట్టి, మందులు రాసి ఇంటికి పంపారు. ఈ పాఠం అది ఇంటికొచ్చాక మొదటి మూడు రోజుల గురించి.

ఆ మూడు రోజులూ ఇంటిల్లిపాది కళ్లూ కట్టు మీదే ఉంటాయి. ఊడిందా, తడిసిందా, వేళ్లు వాచాయా అని వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూస్తూనే ఉంటారు. చూడాలి, కాదనను. కానీ ఎముక అతుక్కోవడానికి వారాలు పడుతుంది, అది తన పని తాను చేసుకుంటుంది. మీరు అంతకంటే ముందు పట్టించుకోవాల్సింది అన్నం గిన్నె.

లంఖణం పరమౌషధం అని మన పెద్దవాళ్ల మాట. పిల్లి విషయంలో దాన్ని పూర్తిగా పక్కన పెట్టండి. తిండి ఆగితే పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును ఖర్చుపెట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొవ్వు అక్కడే పేరుకుపోయి కాలేయం పనిచేయడం తగ్గిపోతుంది. చిగుళ్లు, చెవి లోపలి చర్మం పచ్చబడ్డాయంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. బొద్దుగా ఉన్న పిల్లులకు రెండు మూడు రోజుల పస్తుతోనే ఇది మొదలవుతుంది. కాలు విరిగి బతికిన పిల్లి ఆకలితో పోవడం కంటే బాధాకరం ఇంకోటి లేదు. అందుకే ఒక హద్దు పెట్టుకోండి: 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టరుకి ఫోన్ చేయాలి. పిల్లి పిల్లయితే అంతసేపు కూడా ఆగకూడదు.

ముందు ముఖం చూడండి

తినని పిల్లికి తిండి మార్చి మార్చి పెడతారు చాలామంది. అసలు కారణం చాలాసార్లు నొప్పి. నొప్పి ఉన్న పిల్లి అరవదు, ఒక మూల ముడుచుకుని కూర్చుంటుంది. గుర్ గుర్ మంటోంది కాబట్టి హాయిగా ఉందనుకోకండి. బాధలోనూ, భయంలోనూ పిల్లులు అలాగే అంటాయి.

నొప్పిని ముఖంలో చూసే పద్ధతి ఒకటుంది. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం పశువైద్యులు 2019లో ప్రచురించారు. ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. బోనుకి కాస్త దూరంగా కూర్చుని, పిలవకుండా, తాకకుండా, పిల్లి మెలకువగా ఉన్నప్పుడు అర నిమిషం చూడండి. ఐదు చోట్ల చూడాలి. చెవులు ముందుకి నిటారుగా ఉన్నాయా, పక్కలకి తిరిగి అణిగిపోయాయా? కళ్లు తెరిచి ఉన్నాయా, చికిలించి ఉన్నాయా? మూతి గుండ్రంగా, వదులుగా ఉందా, బిగుసుకుని సాగినట్టు ఉందా? మీసాలు వంపు తిరిగి వాలాయా, పుల్లల్లా ముందుకి పొడుచుకొచ్చాయా? తల భుజాల కంటే పైన ఉందా, కిందికి వేలాడుతోందా? ఒక్కోదానికి, మామూలుగా ఉంటే 0, కొద్దిగా తేడా ఉంటే 1, స్పష్టంగా ఉంటే 2 వేయండి. మొత్తం 10కి 4 గానీ అంతకు మించి గానీ వచ్చిందంటే ఆ పిల్లికి నొప్పి మందు చాలడం లేదు. ఆ అంకె చెప్పి డాక్టరుతో మాట్లాడండి. "ఏదో డల్‌గా ఉందండీ" అనే మాట కంటే ఆ అంకె ఆయనకు ఎక్కువ పనికొస్తుంది.

మన మందుల డబ్బాలోంచి మాత్రం ఏదీ వేయకండి. జ్వరానికి మనం వేసుకునే 500 పారాసిటమాల్ మాత్రలో సగం చాలు, నాలుగు కిలోల పిల్లి ప్రాణం పోవడానికి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేక చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే ప్రమాదం. ఇప్పటికే వేసేసి ఉంటే ఎన్ని గంటలైందో, ఎంత వేశారో రాసుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. విరుగుడు ఉంది, త్వరగా ఇస్తేనే పనిచేస్తుంది.

ఎంత పెట్టాలి

లెక్క సులువు. పిల్లి బరువును 30తో హెచ్చవేసి 70 కలపండి. మన గండుపిల్లికి 190 వస్తుంది. కదలకుండా పడుకున్న పిల్లికి రోజుకి అన్ని కిలోకేలరీలు కావాలి. చర్మం, ఎముక తీసి ఉడికించిన కోడిమాంసం అయితే సుమారు 120 గ్రాములు. అసలేం తినకుండా ఉన్న పిల్లికి అదంతా మొదటి రోజే పెట్టేయకూడదు. మొదటి రోజు మూడో వంతు, రెండో రోజు మూడింట రెండు వంతులు, మూడో రోజు పూర్తిగా.

పెరుగన్నం, పాలు కడుపు నింపుతాయి గానీ పిల్లికి కావలసిన బలం ఇవ్వవు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. కట్టు ఉన్న పిల్లికి విరేచనాలు పట్టుకుంటే కట్టు పాడవుతుంది, ఒంట్లో నీళ్లూ పోతాయి. కోడిమాంసమో, ముళ్లు తీసిన చేపో ఉడికించండి. ఉప్పు, కారం వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఇంట్లో అందరికీ వండిన కూరలోంచి ముక్క కడిగి పెట్టడం కూడా మానుకోండి. ఒట్టి మాంసం కొద్ది రోజులకే. నెలల తరబడి పెడితే కాల్షియం కరువవుతుంది.

పిల్లి తిండిని వాసనతో ఎంచుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసింది ముట్టదు. మణికట్టు మీద చుక్క వేసుకుంటే గోరువెచ్చగా తగలాలి. ముక్కు మీద రక్తం గానీ చీమిడి గానీ ఎండి ఉంటే తడి దూదితో మెత్తగా తుడవండి. వాసన తెలియకపోతే ఎంత మంచి తిండైనా దండగే. గిన్నె బదులు పళ్లెంలో, మీసాలు అంచుకి తగలకుండా పెట్టండి. మెడకు కోన్ (కట్టు నాకకుండా వేసే గరాటులాంటి పట్టీ) ఉంటే తినే పది నిమిషాలూ దగ్గర కూర్చుని తీసేయండి, తిన్నాక మళ్లీ తగిలించండి. పెట్టాక మీరు పక్కకి వెళ్లిపోవడం కూడా మందే. కొన్ని పిల్లులు ఎవరైనా చూస్తుంటే తినవు.

సిరంజితో పెట్టడం

నాకినా చాలు, సిరంజి వద్దు. అసలు ముట్టకపోతేనే, అదీ డాక్టరు సరేనన్నాకే. దవడ విరిగినా, అంగిలి చీలినా (మేడ మీంచి పడిన పిల్లుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది), కక్కుతున్నా, మగతగా ఉన్నా, ఆయాసపడుతున్నా సిరంజి దగ్గరికి తేవద్దు.

మొదటి రోజు వంతు 40 గ్రాముల మాంసాన్ని అంతే బరువు ఉడికిన నీళ్లతో మిక్సీలో మెత్తగా తిప్పి, టీ వడకట్టే జల్లెడలో వంచండి. వడకట్టకపోతే పీచు అడ్డం పడి సిరంజి మొరాయిస్తుంది, మీరు గట్టిగా నొక్కుతారు, అంతా ఒక్కసారిగా గొంతులోకి పోతుంది. వచ్చే 80 మిల్లీలీటర్లను ఐదు విడతలు చేయండి, విడతకి 16 పడుతుంది. మూడో రోజుకి విడతకి 40 దాకా, ఆరు విడతలు. అంతకు మించితే కక్కేస్తుంది.

పిల్లిని తువ్వాలులో మెడ దాకా చుట్టండి, విరిగిన కాలు మీద బరువు పడకుండా. దాని వీపు మీ పొట్ట వైపు ఉండాలి. ఎదురుగా కూర్చుని ముఖంలో ముఖం పెడితే బెదురుతుంది. సూది తీసేసిన 5 మి.లీ. సిరంజి కొనను పెదవి పక్కనుంచి, కోరపన్ను వెనకున్న ఖాళీలోకి పెట్టండి. అర మిల్లీలీటరు నాలుక మీద వదలండి. ఆగండి. గొంతు కదిలి గుటక పడేదాకా చూసి, మళ్లీ అర. తల పైకెత్తవద్దు, నేలకి సమంగానే ఉండాలి. తల ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

తల తిప్పేసుకుంటే, చొంగ కారుస్తుంటే ఆపేయండి. వికారంగా ఉందని చెబుతోంది. ఇంకా కుక్కితే ఆ తిండి మీదే అసహ్యం పెంచుకుని తర్వాత కోలుకున్నా ముట్టదు. రెండు విడతలు అలా జరిగితే పంతానికి పోవద్దు. వికారం తగ్గే మందు అడగండి, లేదంటే ముక్కులోంచి గానీ మెడ పక్కనుంచి గానీ వేసే తిండి గొట్టం గురించి అడగండి. గొట్టం అనగానే చాలామంది భయపడతారు గానీ, రోజుకి ఐదుసార్లు కుస్తీ పట్టడం కంటే పిల్లికి అదే సుఖం. మీ ఊరి పశువైద్యశాలలో కుదరకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల్లో విచారించండి.

ఈ పనిలో కరిచినా, గోరు గీరినా, మీరు పెంచుకునే పిల్లే అయినా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా కోసం వెళ్లండి.

ఉచ్చ సంగతి ఒక్క మాట. బండి గుద్దిన పిల్లికి మూత్రాశయం చితికి ఉండొచ్చు. 24 గంటలు ట్రే పొడిగానే ఉన్నా, గండుపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోయినా తెల్లారేదాకా ఆగవద్దు.

వచ్చే పాఠంలోగా చేయాల్సింది

బాగున్న పిల్లి ఇంట్లో ఉంటే దాని ముఖానికి మూడు పూటలు మార్కులు వేయండి. మామూలు ముఖం ఎలా ఉంటుందో కంటికి అలవాటైతేనే తేడా పట్టగలరు. సిరంజిలో నీళ్లు నింపి గిన్నెలోకి అర మిల్లీలీటరు చొప్పున వదలడం చెయ్యి తిరిగేదాకా సాధన చేయండి. ఒక నోటుబుక్కులో తేదీ, బరువు, తిన్నది, ఉచ్చ, దొడ్డి, నొప్పి మార్కు అని ఆరు గడులు గీసుకోండి. బరువు రోజూ ఒకే వేళకి చూడండి. మన గండుపిల్లి 200 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో ఇరవయ్యో వంతు పోయినట్టే, డాక్టరుకి చెప్పాల్సిన విషయమే.

నాలుగో పాఠంలో పుండు కడగడం, కట్టు మార్చడం. దానికి నార్మల్ సెలైన్ సీసా ఒకటి, గాజుగుడ్డ తెచ్చి ఉంచుకోండి. డెటాల్, ఫినాయిల్, టర్పెంటైన్ మాత్రం బోను దరిదాపుల్లో ఉంచకండి.