పైథాన్ నేర్చుకుందాం – 9వ భాగం: ఫైల్ తెరిచే మోడ్

గత పాఠంలో పాల లెక్కను లిస్టులో దాచాం. ప్రోగ్రామ్ ఆగగానే అదంతా పోయింది, ఎందుకంటే లిస్టు ఉండేది మెమరీలో. లెక్క రేపటికీ ఉండాలంటే ఫైల్లో రాయాలి.

ఫైల్ తెరవడానికి ఓపెన్ అనే ఫంక్షన్ ఉంది. బ్రాకెట్లలో మొదట ఫైల్ పేరు, కామా పెట్టి మోడ్ (ఫైల్‌ను దేనికి తెరుస్తున్నామో చెప్పే గుర్తు) ఇస్తాం. రెండూ కోట్స్‌లో ఉండాలి. మోడ్‌కు సాధారణంగా ఒక్క ఇంగ్లీషు అక్షరం చాలు, అదీ చిన్నబడిలో. చదవడానికి ఆర్. మోడ్ ఇవ్వకపోయినా పైథాన్ ఆర్ అనే అనుకుంటుంది. ఆ పేరుతో ఫైల్ లేకపోతే ఎర్రర్ వస్తుంది. అప్పుడు ముందు స్పెల్లింగ్, తర్వాత ఫోల్డర్ చూసుకోండి.

రాయడానికి డబ్ల్యూ. ఫైల్ లేకపోతే ఇదే కొత్తది తయారు చేస్తుంది. ఉంటే మాత్రం అందులో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఎప్పుడు? మనం రాసినప్పుడు కాదు, తెరిచిన క్షణంలోనే. నమ్మకం కుదరకపోతే పనికిరాని ఫైల్ ఒకటి డబ్ల్యూతో తెరిచి, ఏమీ రాయకుండా మూసేయండి. సైజ్ సున్నా అయిపోయి ఉంటుంది. ఏ హెచ్చరికా రాదు, రీసైకిల్ బిన్‌లోనూ దొరకదు. చదువుతూ రాయొచ్చు కదా అని డబ్ల్యూ ప్లస్ వాడినా ఇంతే, చదవడానికి ఏమీ మిగలదు.

అందుకే పాల లెక్కకు "ఏ" (ఇంగ్లీషు అక్షరం a) అనే మోడ్ వాడాలి. ఇది పాతదాన్ని ముట్టుకోదు, కొత్తది చివర చేరుస్తుంది. పాత ఫైల్ పొరపాటున కూడా పోకూడదంటే ఎక్స్ మోడ్ ఉంది. ఆ పేరుతో ఫైల్ ఉంటే తెరవనంటుంది. పైథాన్ 3.3తో వచ్చిన ఈ మోడ్‌ను పెద్దగా ఎవరూ వాడరు, వాడాల్సింది.

ఫైల్‌ను ఎప్పుడూ విత్ (with) అనే కీవర్డ్‌తోనే తెరవండి. ఫైల్లో రాసే ఫంక్షన్ రైట్ (write). దానితో రాసిన మాట వెంటనే డిస్క్ మీదికి వెళ్లదు, కాసేపు బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక చోటులో ఉంటుంది. విత్ బ్లాక్ అయిపోగానే, మధ్యలో ఎర్రర్ వచ్చినా సరే, ఫైల్ మూసుకుని బఫర్‌లో ఉన్నది ఫైల్లోకి చేరుతుంది. రైట్ కొత్త లైన్ తనంతట వేయదు. ప్రతి లెక్క చివరా బ్యాక్‌స్లాష్ ఎన్ మీరే పెట్టాలి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. చాలా విండోస్ కంప్యూటర్లలో పైథాన్ తనంతట తీసుకునే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతిలో) తెలుగు అక్షరాలు లేవు. "పాలు" అని రాయబోతే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ వస్తుంది. డబ్ల్యూతో తెరిచారా, కొత్తది రాదు, పాతదీ అప్పటికే పోయి ఉంటుంది. రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వండి.

అభ్యాసం: కొత్త ఫైల్‌ను ఎక్స్ మోడ్‌లో, యూటీఎఫ్-8తో తెరిచి "అమ్మ" అని మాత్రం రాయండి. ప్రాపర్టీస్‌లో సైజ్ 12 బైట్లు చూపిస్తుంది. అ, మ, పొల్లు, మ కలిపి నాలుగు, ఒక్కోటి మూడు బైట్లు. అదే ప్రోగ్రామ్ రెండోసారి నడిపి, వచ్చిన ఎర్రర్ చదవండి. దాన్ని ట్రై, ఎక్సెప్ట్‌లతో పట్టుకోవడం 10వ భాగంలో.