వేసవి ఈతల ముందు: మునిగేవాడి వెనకాల దూకకండి

2025 జనవరి 11న హైదరాబాద్ నుంచి సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌కు వెళ్లిన ఏడుగురు కుర్రాళ్లలో ఐదుగురు నీట మునిగి చనిపోయారు. అదే ఏడాది జూన్ 7న మేడిగడ్డ దగ్గర గోదావరిలో ఆరుగురు. ఒంటిపూట బడులు మొదలైతే చాలు, జిల్లా పేజీల్లో ఇలాంటి వార్తలు వానలు పడేదాకా ఆగవు.

ఈత రానివాళ్లు లోతుకు పోవద్దు, తాగి దిగొద్దు అనే మాటలు అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. నలుగురైదుగురు ఒకేచోట, కొద్ది నిమిషాల్లో ఎలా పోతారు? సాధారణంగా ముందు పట్టు తప్పేది ఒక్కడికే. వాడిని అందుకోబోయి రెండోవాడు, ఆ ఇద్దరి కోసం మూడోవాడు దిగుతారు. ఇక్కడ చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఈ ఒక్క తప్పు గురించే.

మునిగేవాడు సినిమాల్లోలాగా చెయ్యెత్తి కేకలు వేయడు. నోరు నీటి పైకి వచ్చిన ఆ ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోవడానికే చాలదు, ఇక అరుపెక్కడిది? తల వెనక్కి వాలుతుంది, చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాడు. గట్టు మీద నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. నిమిషం లోపే మునిగిపోవచ్చు. ఆ స్థితిలో దగ్గరికి వచ్చిన మనిషి వాడికి ఒక దుంగతో సమానం. మెడ పట్టుకుంటాడు, భుజాలు తొక్కి పైకి లేవాలని చూస్తాడు. సొంత అన్నయినా అంతే. బాగా ఈత వచ్చినవాడు కూడా ఆ పట్టులో చెయ్యాడక మునిగిపోతాడు.

దీనికి తోడు గుంత. మట్టి తవ్వుకుపోయిన చెరువుల్లో మోకాలి లోతు నీళ్లలో నడుస్తుండగానే ఒక్క అడుగు తేడాలో రెండు నిలువుల లోతు వస్తుంది. జేసీబీ గోతి అంచు నానిన బంకమట్టి; ఒకడు జారితే పక్కవాడి కాళ్ల కింద మట్టీ కదులుతుంది. చేయీ చేయీ పట్టుకుని గొలుసుగా వెళ్లినవాళ్లు అందరూ ఒకేసారి పోయేది ఇందుకే. ఎండాకాలంలో నీళ్లు అడుగంటినప్పుడే ఆ గోతులు ఎక్కడున్నాయో చూసి, చుట్టూ పొడవాటి వెదురు బొంగులు పాతి ఎర్రగుడ్డ కట్టాలి. నీళ్లు నిండాక ఎవరికీ కనపడవు.

మరి ఏం చేయాలి? దిగకుండా అందించాలి, అందకపోతే విసరాలి. అందించడానికి వెదురు బొంగు, పైపు, పంచె, ముడేసిన రెండు చీరలు, ఏదైనా సరే. నిలబడి అందిస్తే వాడి బరువుకు మీరే నీళ్లలో పడతారు. బోర్లా పడుకోండి, వెనక నుంచి ఇంకొకరు మీ కాళ్లు పట్టుకోవాలి. విసరడానికి ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా మేలు. అందులో ఒక గ్లాసు నీళ్లు పోసి మూత బిగించండి. బొత్తిగా ఖాళీదైతే గాలికి కొట్టుకుపోతుంది. పిడికి 20 మీటర్ల తాడు కట్టండి. రెండో కొస కాలి కింద తొక్కిపెట్టి, డబ్బా మనిషిని దాటి పడేలా విసిరి మెల్లగా దగ్గరికి లాగండి. ఊళ్లో జనం దిగే ప్రతి రేవు దగ్గరా ఇలాంటి డబ్బా, తాడు వేలాడదీయడం పంచాయతీకి పెద్ద ఖర్చేమీ కాదు. వాటిని ఎవరూ ఎత్తుకుపోకుండా చూడటమే కష్టం.

బావుల సంగతి వేరు. వేసవిలో నీటిమట్టం దిగిపోతుంది, నిరుడు దూకిన చోటే ఈసారి రాయి తగులుతుంది. మెట్లు లేని బావిలో ఈత వచ్చినా పైకి రావడానికి పట్టు దొరకదు. మోకు కట్టి కిందిదాకా వేలాడేయకుండా ఎవరినీ దిగనివ్వకండి. మోటారు ఉంటే స్టార్టర్ ఆపితే సరిపోదు, ఫ్యూజులు పీకి చేతిలో పెట్టుకోండి. నీళ్లలో కరెంటు ఉంటే కాపాడ్డానికి దూకినవాడికీ షాకే.

కాలువల్లో సిమెంటు లైనింగ్ మీద పాచి పడుతుంది, గోళ్లకు కూడా పట్టు చిక్కదు. కొట్టుకుపోతున్నవాడు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ముందుకు పెట్టి, మెట్లు వచ్చేదాకా పోవాలి. ఒడ్డు మీదివాళ్లు వెంట పరిగెత్తకుండా దిగువన ఉన్న వంతెన దగ్గరికి చేరి తాడు వదలాలి.

తూముల దగ్గర ఈదొద్దు, లోపలికి లాగేస్తుంది. మత్తడి దూకుతుంటే దాని కింద నిలబడి ఫొటోలు దిగొద్దు. డ్యామ్ దిగువన సైరన్ వినపడితే చెప్పులూ ఫోనూ వదిలేసి గట్టెక్కండి. సైరన్ రాలేదని ధీమా పడొద్దు: 2014 జూన్ 8న బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకే.

పిల్లలు దిగితే ఒక పెద్దమనిషి గట్టు మీదే ఉండాలి, ఫోన్ జేబులో. ట్యూబు ఉంది కదా అని లోతుకు పంపొద్దు, జారిపోతుంది. ఈత రాని వాడి వెనకాల దూకొద్దు. ఈత వచ్చినవాడి వెనకాల కూడా దూకొద్దు. మునిగేవాడు మిమ్మల్ని పట్టేసుకుంటే పైకి లాక్కోకండి, కిందికి మునగండి, వాడే వదిలేస్తాడు.

బయటికి తీశాక భుజాన వేసుకుని తిప్పొద్దు. పొట్ట నొక్కొద్దు, కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోటితో ఐదుసార్లు గాలి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, పెద్దవాళ్లకైతే ఐదు సెంటీమీటర్లు దిగేలా 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊదండి. మళ్లీ 30. నురగ తుడుస్తూ కూర్చోవద్దు. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. లేచి నడిచినా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది.

ఇంట్లో సంపు మూతకు ఈరోజే తాళం వేయండి. బాత్‌రూమ్‌లో నిండు బకెట్ వదలొద్దు, నడక నేర్చే పిల్లకు అది చాలు.