మందుల వాడకం నేర్చుకుందాం – 6: డ్రై సిరప్ కలపడం

పోయిన పాఠంలో మందు చీటీ చదవడం చూశాం. ఇప్పుడు చేతిపని: పొడిగా వచ్చే సిరప్‌లో నీళ్లు కలపడం. నెల్లూరు పొగతోటలో బిడ్డను చూపించి, అమాక్సిసిల్లిన్‌–క్లావులనేట్ డ్రై సిరప్ 228.5 తెచ్చుకున్నారనుకుందాం. కలిపిన మందు 5 మి.లీ.లో అమాక్సిసిల్లిన్ 200, క్లావులనేట్ 28.5 మి.గ్రా. ఉంటాయి, సీసా మీది అంకె ఆ రెండింటి మొత్తం. బాక్టీరియాను చంపేది అమాక్సిసిల్లిన్. దాన్ని విరిచేసే ఎంజైము కొన్ని బాక్టీరియాల దగ్గర ఉంటుంది, క్లావులనేట్ ఆ ఎంజైమును పట్టి కట్టేస్తుంది. తేమకు ముందుగా పాడయ్యేదీ ఈ క్లావులనేటే. పొడిగా అమ్మేది అందుకే.

మూత తీయకముందే సీసాను అరచేతికేసి తట్టండి, పొడి విడివిడిగా కదలాలి. గడ్డ అడుగున అంటుకుపోతే మొదటి డోసులు పలచన, చివరివి చిక్కన. పెట్టెలో నీళ్ల సీసా ఉంటే అదంతా పొడిలో పోసేయండి. లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు. కనిగిరి, పొదిలి వైపు బోరునీళ్లు వద్దు, ఎంత కాచినా ఫ్లోరైడు పోదు. సీసా మీది బాణం గీతకు కాస్త కిందిదాకా పోసి, మూత బిగించి బాగా గిలకొట్టండి. 5 నిమిషాలు ఆగండి. నురగ దిగాక మట్టం గీత కిందికి జారుతుంది. అప్పుడు గీతదాకా నింపి మళ్లీ గిలకొట్టాలి. నురగనే మట్టమనుకుని ఆపేస్తే మందు చిక్కనవుతుంది, డోసు ఎక్కువ పడుతుంది. అందరూ తప్పేది ఇక్కడే.

కలిపిన తేదీ సీసా మీద రాయండి. ఫ్రిజ్‌లో, 2–8 డిగ్రీల మధ్య, 7 రోజులు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. రోహిణి కార్తెలో వంటింటి గూట్లో వదిలేసిన సీసాను నమ్మొద్దు.

ఇక లెక్క. 5 మి.లీ. రెండు పూటలా 7 రోజులంటే 70 మి.లీ. 30 మి.లీ. సీసా మూడు రోజులకే ఖాళీ. "సీసా అయిపోయింది, జ్వరం తగ్గింది" అని అక్కడితో ఆపేస్తారు చాలామంది. మూడు సీసాలూ ఒకేసారి కొనుక్కోండి, కలిపేది మాత్రం ఒక్కొక్కటే. కొలతకు సిరంజి గానీ గీతల మూత గానీ వాడండి. వంటింటి చెంచాలు ఏ రెండూ ఒక్క కొలత ఉండవు. అన్నం మొదటి ముద్దతో పడితే కడుపులో తిప్పడం తగ్గుతుంది.

పెన్సిలిన్ పడదని ముందే తెలిస్తే డాక్టరుకు చెప్పండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మామూలు జలుబుకు ఇది దండగ.

అభ్యాసం: 4 మి.లీ. రెండు పూటలా, 7 రోజులు. 30 మి.లీ. సీసాలు ఎన్ని కావాలి? రెండోది ఏ రోజు, ఏ పూట కలపాలి? జవాబు 7వ పాఠం మొదట్లో.